చూసేవాడి మీదికి తిరిగిన కెమెరా

1960 ఏప్రిల్‌లో లండన్ ప్లాజా థియేటర్‌లో ‘పీపింగ్ టామ్’ అనే సినిమా విడుదలైంది. చాటు నుంచి తొంగి చూసేవాణ్ని ఇంగ్లిషువాళ్లు ఆ పేరుతో పిలుస్తారు. దర్శకుడు మైకేల్ పావెల్. ‘బ్లాక్ నార్సిసస్’, ‘ద రెడ్ షూస్’ లాంటి చిత్రాలతో బ్రిటిష్ సినిమాకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన మనిషి. ఆ వారం పత్రికల్లో వచ్చిన సమీక్షలు మాత్రం ఒక పెద్ద దర్శకుడి కొత్త సినిమా గురించి రాసినట్టు ఉండవు. దీన్ని పారతో ఎత్తి దగ్గర్లోని మురుగుకాల్వలో పడేస్తే తప్ప పీడ వదలదన్న ధోరణిలో ‘ట్రిబ్యూన్’లో డెరెక్ హిల్ రాశారు. ఇంత రోగిష్టి సినిమా, ఇంత మురికి సినిమా తనకు గుర్తున్నంతలో లేదని ‘స్పెక్టేటర్’లో ఇసబెల్ క్విగ్లీ తేల్చేశారు. ‘సండే టైమ్స్’లో డిలిస్ పావెల్ (ఇంటిపేరు ఒకటే గాని దర్శకుడికి బంధువు కారు) కూడా కటువుగానే తోసిపుచ్చారు. సరిగ్గా అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో, ఆగస్టులో లండన్‌లో హిచ్‌కాక్ ‘సైకో’ వచ్చింది. అందులోనూ చిన్నతనంలోనే మనసు విరిగిపోయిన మెతక యువకుడే హంతకుడు. ‘సైకో’ ప్రపంచమంతా చూసింది. ‘పీపింగ్ టామ్’ దాదాపు ఇరవై ఏళ్లు కనిపించకుండా పోయింది.

ఈ కథను సినిమా పుస్తకాలు ఒకే తీరుగా చెబుతూ వచ్చాయి. కాలం కంటే ముందు వచ్చిన కళాఖండం, దాన్ని అర్థం చేసుకోలేని విమర్శకులు, వాళ్ల దెబ్బకు కూలిపోయిన దర్శకుడు. వినడానికి బాగుంటుంది, పావెల్ మీద జాలీ కలుగుతుంది. కానీ ఆనాటి బ్రిటిష్ సినిమా వ్యాపారాన్ని దగ్గరగా చూస్తే ఈ కథ నిలవదు. ఇంతకంటే క్రూరమైన సినిమాలు అప్పటికే థియేటర్లలో ఆడుతున్నాయి, డబ్బు చేసుకుంటున్నాయి. ‘పీపింగ్ టామ్’ చేసిన నేరం వేరు. బొమ్మలు తీసేవాళ్లు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, వాటి గురించి రాసేవాళ్లు అందరినీ అది ఒకే గొలుసుతో కట్టింది. తన వృత్తినే బోనెక్కించింది. ఆ సంగతి అర్థం కాకపోవడం వల్ల కాదు, అర్థమైనందువల్లే ఆ వృత్తి దాన్ని దూరంగా పెట్టింది. నా వాదన ఇదే.

ముందు వ్యాపారం సంగతి చూద్దాం. 1946లో బ్రిటన్ థియేటర్లలో 163 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. 1960 వచ్చేసరికి అవి 50 కోట్లకు పడిపోయాయి. 1955లో వాణిజ్య టెలివిజన్ మొదలయ్యాక జనం సాయంత్రాలు ఇంట్లోనే గడపడం అలవాటు చేసుకున్నారు. ఇంట్లో దొరకనిది ఏదో చూపిస్తే తప్ప వాళ్లు థియేటర్‌కు రారు. సెన్సారు బోర్డు 1951లో తెచ్చిన ‘ఎక్స్’ సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకొచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వకూడదన్న షరతు అది. పెద్ద సంస్థలు మొదట్లో దాన్ని మచ్చగా భావించి దూరం పెట్టాయి. హ్యామర్ లాంటి చిన్న సంస్థలు అదే ముద్రను పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేసుకుని, 1957లో ‘ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’తో, 1958లో ‘డ్రాక్యులా’తో కాసులు రాల్చుకున్నాయి. ఆ దారిలోనే నడిచిన మరో పంపిణీ సంస్థ ఆంగ్లో అమాల్గమేటెడ్. ‘క్యారీ ఆన్’ వరుస హాస్యచిత్రాలను ఒకచేత్తో, భయపెట్టే చవక సినిమాలను రెండోచేత్తో అమ్మిన సంస్థ. పావెల్‌కు ‘పీపింగ్ టామ్’ తీసే అవకాశం ఇచ్చింది వాళ్లే.

ఆ సంస్థ అంతకుముందు ఏడాదే ‘హారర్స్ ఆఫ్ ద బ్లాక్ మ్యూజియం’ అనే రంగుల చిత్రం విడుదల చేసింది. దాని మొదటి సన్నివేశంలో ఒక అమ్మాయికి పోస్టులో బైనాక్యులర్స్ కానుకగా వస్తాయి. సరదాగా కళ్లకు పెట్టుకుని స్క్రూ తిప్పగానే లోపలి నుంచి రెండు మేకులు దూసుకొచ్చి కళ్లలో దిగుతాయి. చేతులు రక్తంతో తడుస్తాయి. ‘పీపింగ్ టామ్’లో ఇలాంటి దృశ్యం ఒక్కటీ లేదు. హంతకుడి కెమెరా స్టాండు కాలు పైకి లేస్తుంది, తొడుగు ఊడి కత్తిమొన కనిపిస్తుంది, ఎదుటి మనిషి ముఖంలో భయం పెరుగుతుంది, అక్కడితో షాట్ కట్ అవుతుంది. గాయం చూపించరు. మరి మేకులున్న సినిమాను ముఖం చిట్లించి వదిలేసిన లోకం, గాయమే కనిపించని సినిమాను ఎందుకు క్షమించలేకపోయింది? క్రూరత్వమే కారణమైతే లెక్క తిరగబడాలి కదా.

జవాబు కొంత సినిమా మొదలయ్యే వీధిలోనే ఉంది. సోహోకు ఉత్తరాన రాత్‌బోన్ స్ట్రీట్ పక్కన న్యూమన్ పాసేజ్ అనే ఇరుకు సందు. రాత్రివేళ ఒక వేశ్య దుకాణం అద్దాల ముందు నిలబడి ఉంది. డఫిల్ కోటు వేసుకున్న యువకుడు ఆమెకేసి నడుస్తున్నాడు. కోటు మాటున 16 మిల్లీమీటర్ల సినిమా కెమెరా తిరుగుతోంది. ఈ దృశ్యానికి ఆనాటి ప్రేక్షకులకు తెలిసిన నేపథ్యం ఒకటుంది. 1957లో వుల్ఫెండెన్ కమిటీ నివేదిక వచ్చింది, దాని వెంటే 1959లో స్ట్రీట్ అఫెన్సెస్ యాక్ట్ వచ్చింది. వ్యభిచారం నేరమని ఆ చట్టం అనలేదు. వీధిలో కనబడకూడదని మాత్రం అంది. దాంతో వీధుల్లో నిలబడే ఆడవాళ్లు గదుల్లోకి, మేడమీది అంతస్తుల్లోకి వెళ్లిపోయారు. వాళ్ల చిరునామాలు దుకాణాల కిటికీల్లో అంటించిన కార్డుల మీదికి చేరాయి. బేరం ఆగలేదు, పెద్దమనుషుల కంటికి ఆనకుండా మాత్రం పోయింది. అదే 1959లో అశ్లీల ప్రచురణల చట్టాన్ని కూడా తిరగరాశారు. సాహిత్య విలువ ఉన్నదాన్ని కాపాడాలి, చెత్తను శిక్షించాలి అన్నది దాని సారం. మరుసటి ఏడాది ‘లేడీ చాటర్లీస్ లవర్’ నవల మీద కేసు నడిచింది ఆ చట్టం కిందే. చూడదగ్గది ఇటు, చూడరానిది అటు అని దేశమంతా ఒక గీత గీసుకుంటున్న రోజులవి. ‘పీపింగ్ టామ్’ సరిగ్గా ఆ గీత మీద నిలబడి, రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకరేనని చూపించింది.

పేపర్ల దుకాణం సన్నివేశం అందుకు మంచి రుజువు, కొంచెం ఆగి చూడాలి. మర్యాదగా టై కట్టుకున్న ఒక ముసలాయన వచ్చి ‘టైమ్స్’, ‘టెలిగ్రాఫ్’ అడుగుతాడు. తరవాత నసుగుతూ, ఇక్కడ కొన్ని ఫొటోలు దొరుకుతాయట కదా అంటాడు. షాపు యజమాని కౌంటర్ కింద నుంచి ఆల్బమ్ తీస్తాడు. పేజీలు తిప్పుతున్న ముసలాయనకు చెమటలు పడుతుండగా ఒక చిన్నపిల్ల చాక్లెట్ కోసం వస్తుంది; ఆల్బమ్ చటుక్కున మూతబడుతుంది; ఆ పిల్ల వెళ్లగానే మళ్లీ తెరుచుకుంటుంది. బేరం కుదిరాక ఫొటోలు ఒక కవరులో పెట్టి ఇస్తాడు. దాని మీద విద్యాసంబంధ పుస్తకాలని రాసి ఉంటుంది. ముసలాయన ఆ కవరు పట్టుకుని, కొన్న దినపత్రికలను అక్కడే మరచి వెళ్లిపోతాడు. ఈ పాత్ర వేసిన మైల్స్ మాల్సన్‌ను మనవాళ్లలో పాత సినిమాలు చూసేవారు గుర్తుపట్టొచ్చు. మైసూరు మావటివాడి కొడుకు సాబూ నటించిన ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1940)లో బొమ్మల పిచ్చి ఉన్న సుల్తాను ఆయనే. ఆ చిత్ర దర్శకుల్లో పావెల్ ఒకరు. ఇరవై ఏళ్ల కిందట పిల్లలను నవ్వించిన ముఖాన్నే పావెల్ ఇక్కడ నిలబెట్టారు. దుకాణం పైగదిలో ఫొటోలకు నిలబడే మిల్లీ పాత్రకు తెచ్చుకున్న పమేలా గ్రీన్ నిజజీవితంలోనూ ఆ వృత్తి మనిషే. 1957 నుంచి సోహోలో ‘కామెరా’ అనే చిన్న ఫొటో పత్రిక నడిపిన జంటలో ఆమె ఒకరు. అంటే పావెల్ ఆ లోకాన్ని ఊహించి కట్టలేదు. దానిలో బతుకుతున్న మనిషినే తెచ్చి తెర మీద పెట్టారు.

హంతకుడు మార్క్ లూయిస్ ఆ గదిలో పనిచేసేది ఖాళీ వేళల్లోనే. పగలంతా అతను పెద్ద స్టూడియోలో కెమెరా ఫోకస్ సరిచూసే ఫోకస్ పుల్లర్. అదే లెన్సు, అదే వెలుగు, అదే కొలత టేపు. ఒకచోట దాన్ని పరిశ్రమ అంటారు, ఇంకోచోట మురికి అంటారు. స్టూడియో సన్నివేశాలను సినిమా చూసిన చాలామంది తేలికపాటి హాస్యంగా తీసుకుని దాటేస్తారు. నాకు మాత్రం ఈ చిత్రానికి అవే గుండెకాయ అనిపిస్తుంది. స్టూడియో అధిపతి పేరు డాన్ జార్విస్. ఆ రోజుల్లో బ్రిటిష్ సినిమాను గుప్పిట్లో పెట్టుకున్న ర్యాంక్ సంస్థ పెత్తందారు పేరు జాన్ డేవిస్. ఈ పోలిక ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లెవరికీ తెలియకుండా ఉండదు. ‘ద రెడ్ షూస్’ సమయంలో ర్యాంక్ సంస్థతో చెడిన పావెల్‌కు అసలే తెలియకుండా ఉండదు. ఆ స్టూడియోలో సినిమా తీస్తున్న దర్శకుడి పాత్రకు ఎస్మండ్ నైట్‌ను తీసుకున్నారు. 1941లో బిస్మార్క్ నౌకతో జరిగిన పోరులో చూపు పోగొట్టుకుని, తరవాత కొద్దిపాటి చూపుతో నటనకు తిరిగొచ్చిన మనిషి ఆయన. సెట్ మీద ఏం జరుగుతోందో చూడలేని దర్శకుడిగా సరిగా చూడలేని నటుణ్ని పెట్టడం కాకతాళీయమని నేననుకోను.

ఇక మోయిరా షియరర్. ‘ద రెడ్ షూస్’తో పావెల్ ఆమెను ప్రపంచానికి పరిచయం చేశారు. ఇందులో ఆమెది హీరోయిన్ బదులు లైట్ల కింద నిలబడే స్టాండ్ఇన్ పాత్ర, పేరు వివియన్. షూటింగ్ అయిపోయాక అందరూ వెళ్లిపోయిన ఫ్లోర్ మీద ఉండిపోతుంది. ఎప్పటికైనా తన ముఖం తెర మీద కనబడాలన్న ఆశ ఆమెది. టేప్‌రికార్డర్ పెట్టుకుని ఖాళీ సెట్లో నాట్యం చేస్తుంది. మార్క్ లైట్లు అమర్చుతాడు, నేల మీద గుర్తు పెడతాడు, ఆమెను ఆ గుర్తు మీద నిలబెడతాడు. వృత్తిలో రోజూ జరిగే పనులే ఇవన్నీ, ఒక్కటీ అసహజంగా అనిపించదు. ఆమె నవ్వుతూ సహకరిస్తుంది. మర్నాడు షూటింగ్‌లో హీరోయిన్ ఒక పెట్టె తెరిచి నిజమైన శవాన్ని చూసి కుప్పకూలుతుంది. అప్పటిదాకా ఆమె మూర్ఛపోవడం నమ్మశక్యంగా లేదని టేకు మీద టేకు చేయిస్తున్న యూనిట్‌కు కావలసిన మూర్ఛ అదే. మార్క్ తన సొంత కెమెరాతో అక్కడివాళ్ల ముఖాలను పట్టుకుంటాడు. భయాన్ని పుట్టించి, వెలుగు పెట్టి, చిత్రించి, అమ్ముకోవడమే మన పని కదా, మార్క్ మనకంటే వేరుగా ఏం చేశాడు అని సినిమా తన పరిశ్రమను నేరుగా అడిగింది. దీనికి పరిశ్రమ దగ్గర జవాబు లేదు.

పావెల్ తనను మినహాయించుకోకపోవడం ఈ చిత్రంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే విషయం. మార్క్ తండ్రి పేరున్న జీవశాస్త్రవేత్త. పిల్లల్లో భయం ఎలా పుడుతుందో తెలుసుకోవాలని సొంత కొడుకునే పరిశోధనకు వాడుకున్నవాడు. నిద్రపోతున్న పిల్లవాడి పక్క మీద బల్లిని వదిలి అతని కేకను చిత్రిస్తాడు. తల్లి శవం దగ్గర నిలబెట్టి చిత్రిస్తాడు. ఇంటి గదులన్నిటికీ మైకులు పెట్టి ప్రతి ఏడుపునూ రికార్డు చేస్తాడు. చివరికి కొడుకుకు కెమెరా కానుకగా ఇస్తాడు. ఈ నలుపు తెలుపు తునకల్లో తండ్రిగా కనిపించేది స్వయంగా పావెల్, పిల్లవాడిగా కనిపించేది ఆయన కొడుకు కొలంబా. మార్క్ ఇంటిగా చూపిన భవనం ఉన్న మెల్బరీ రోడ్డులోనే పావెల్ కాపురం. దర్శకుడు కావడానికి ముందు ఆయన హిచ్‌కాక్ దగ్గర మూకీల కాలంలో స్టిల్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. తన వృత్తిలో ఉన్న ప్రమాదాన్ని సొంత ఇంటి గుమ్మం నుంచి, సొంత బిడ్డ ముఖం నుంచి చెప్పిన దర్శకుడు ఆయన తప్ప నాకు మరొకరు తట్టడం లేదు. ఎవరి పిల్లవాణ్నో నటింపజేసి ఉంటే తప్పించుకునే వీలుండేది. ఆయన ఆ వీలు వదులుకున్నారు.

కథ రాసిన లియో మార్క్స్ సంగతి కూడా చెప్పాలి. ఆయన తండ్రి భాగస్వామిగా ఉన్న పాత పుస్తకాల దుకాణం చేరింగ్ క్రాస్ రోడ్డు 84వ నంబరులో ఉండేది. యుద్ధకాలంలో మార్క్స్ శత్రుభూమిలోకి పంపే బ్రిటిష్ రహస్య ఏజెంట్ల విభాగంలో గూఢలిపి వ్యవహారాలు చూసేవారు. విమానం ఎక్కబోయే ముందు ఏజెంట్లతో కూర్చుని సంకేతాలు నేర్పించడం ఆయన పని. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. పట్టుబడితే చిత్రహింస తప్పదని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయన దగ్గరగా చూశారు. భయం నిండిన ముఖాన్ని పట్టుకోవాలనే మనిషి కథ అటువంటివాడి నుంచి రావడం ఆశ్చర్యం కాదు. మొదట ఆయన పావెల్‌తో ఫ్రాయిడ్ జీవితం మీద సినిమా గురించి మాట్లాడారు. ఆ పని జాన్ హ్యూస్టన్ తలపెట్టాడని తెలిసి దాన్ని వదిలేసి ఇటు మళ్లారు. అందుకేనేమో ఈ చిత్రంలో మనోవిజ్ఞానం వైద్యంగా కంటే జబ్బుకు మూలంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ‘సైకో’తో పోల్చి చూస్తే తేడా తేలుతుంది. హిచ్‌కాక్ హంతకుడెవరో చివరిదాకా దాచిపెట్టారు. ఆఖర్లో ఒక వైద్యుడు వచ్చి జబ్బుకు పేరు పెట్టి వివరిస్తాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుని, ఆ పిచ్చి అతనిది, నాది కాదనుకుని ఇంటికి పోవచ్చు. పావెల్ ఆ సౌకర్యం ఇవ్వలేదు. సినిమా మొదలవుతూనే తెర నిండా ఒక కన్ను తెరుచుకుంటుంది. వెంటనే మనం మార్క్ కెమెరా వ్యూఫైండర్‌లోంచి చూస్తూ, అడ్డగీతల మధ్య ఆ స్త్రీని బిగించి, మెట్లెక్కి, గదిలోకి వెళ్తాం. హత్య అయిపోయాక అదే దృశ్యం మళ్లీ వస్తుంది. ఈసారి నలుపు తెలుపులో, మార్క్ ఇంటి తెర మీద, అతను వెనక్కి ఆనుకుని చూస్తుండగా. టైటిల్స్ పడేది దాని మీదే. దర్శకుడి పేరు వచ్చేసరికి మనకు కనిపించేది ప్రొజెక్టర్. మొదటిసారి చేసినవాడి చోట, రెండోసారి చూసేవాడి చోట మనల్ని కూర్చోబెట్టి, రెండు కుర్చీలూ పక్కపక్కనే ఉన్నాయని అయిదు నిమిషాల్లో తేల్చేశారు. పోలీసుల రాక కోసం, రహస్యం విడిపోవడం కోసం ఎదురుచూసే పని లేదు. ఇక మిగిలిన గంటన్నరలో ప్రేక్షకుడు ఆలోచించాల్సింది తన గురించే.

సమీక్షకులకు ఇది ఇంకా కష్టమైన స్థలం. సినిమాలు చూడటమే వాళ్ల బతుకుతెరువు. వారానికి అన్ని సినిమాలు చీకటి హాల్లో కూర్చుని చూసి, చూసినదానికి డబ్బు తీసుకునే వృత్తి. చూడటంలో రోగం ఉందని ఎవరైనా చెబితే మొదట తగిలేది వాళ్లకే. అందుకే వాళ్ల భాషలో అంత శుభ్రత పిచ్చి కనిపిస్తుంది: మురుగు, కుళ్లు, రోగం, కడిగేసుకోవడం. చెడ్డ సినిమాను విసుక్కుంటారు, వెక్కిరిస్తారు. ఇలా ఒళ్లు తోముకోరు.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ‘సైకో’ను కూడా లండన్ విమర్శకుల్లో కొందరు అసహ్యించుకున్నారు కదా అని ఒకటి. నిజమే. అసహ్యించుకున్నా జనం విరగబడి వెళ్లారు. అంటే సమీక్షలు ఒక్కటే సినిమాను చంపలేవు. హిచ్‌కాక్ విమర్శకులకు ముందస్తు ప్రదర్శనలు వేయలేదు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వలేదు, ప్రచారం తానే నడిపారు. నిర్మాత ఆయనే, టెలివిజన్‌లో ప్రతివారం కనిపించే ముఖం కూడా ఆయనదే. పావెల్ వెనక అలాంటి బలం లేదు. భయపెట్టే సినిమాలు అమ్మడం బాగా తెలిసిన ఆంగ్లో అమాల్గమేటెడ్, ఈ తిట్ల వానలో తన సరుకుకు దన్నుగా నిలబడలేదు. అమెరికాకు రెండేళ్ల తరవాత కత్తిరించిన ప్రతి ఒకటి వెళ్లింది. విమర్శకులు తిట్టారు, వ్యాపారులు వదిలేశారు. వదిలేయడమే ఎక్కువ హాని చేసింది.

పావెల్ అప్పటికే దిగజారుతున్న దర్శకుడు, ఈ సినిమా లేకపోయినా అంతేనన్నది రెండో అభ్యంతరం. దీనిలో సత్యం ఉంది. ఎమరిక్ ప్రెస్‌బర్గర్‌తో కలిసి ‘ది ఆర్చర్స్’ పేరుతో దాదాపు పదిహేనేళ్లు నడిపిన జోడీ 1957తో విడిపోయింది. 1959లో స్పెయిన్‌లో తీసిన సినిమా ఆడలేదు. ‘పీపింగ్ టామ్’ తరవాత కూడా 1961లో బ్రిటన్‌లోనే ‘ద క్వీన్స్ గార్డ్స్’ తీశారు. కాబట్టి ఒక్క వారంలో ఆయన బతుకు ముగిసిందన్న కథ అతిశయోక్తే. అయితే దాని తరవాత జరిగింది చూడాలి. రెండు పెద్ద సినిమాలకు ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. ఒక చిన్న ఒపేరా చిత్రం జర్మన్ టెలివిజన్‌కు తీశారు. ప్రెస్‌బర్గర్‌తో చివరిసారి కలిసి పనిచేసింది 1972లో ఒక పిల్లల సినిమా కోసం. పెద్ద దర్శకులు ఫ్లాపుల నుంచి లేవడం ఏ పరిశ్రమలోనైనా చూస్తుంటాం. పావెల్‌కు సొంతదేశంలో ఆ చేయూత దొరకలేదు. పరాజయాన్ని మన్నించే వ్యాపారం, అద్దం చూపినవాణ్ని మన్నించలేదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది: చూపు మీద విమర్శ అంటూనే ఈ సినిమా ఆడవాళ్లను చంపి చూపిస్తోంది కదా, చనిపోయేవాళ్లలో ఒకరు వేశ్య, ఒకరు నాట్యగత్తె, ఒకరు ఫొటోల మోడల్ కదా అని. ఈ మాటను తేలిగ్గా తోసేయలేం. వేశ్య డోరాకు, మోడల్ మిల్లీకి సినిమాలో దొరికిన జీవితం చాలా తక్కువ. అయినా కథను మలుపు తిప్పేది ఇద్దరు స్త్రీలు. కింది వాటాలో ఉండే హెలెన్ తన పుట్టినరోజు రాత్రి మార్క్ బాల్యం రీళ్లు చూసి, ఆపమంటుంది; ఎందుకు తీశారని అడుగుతుంది. సినిమా మొత్తంలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆమే. ఆమె తల్లికి చూపు లేదు. ప్రతి రాత్రీ పైన ప్రొజెక్టర్ చప్పుడు వింటూ, ఈ కుర్రాడిలో ఏదో తేడా ఉందని ఆమె పోలీసుల కంటే ముందే పసిగడుతుంది. మార్క్ ఆమె మీదికి కెమెరా ఎత్తినా అది పనిచేయదు. తన భయాన్ని తాను చూసుకోలేని మనిషి దగ్గర అతని ఆయుధానికి పదును లేదు, ఎందుకంటే ఆ కెమెరాకు ఒక అద్దం కూడా ఉంది, చనిపోయేవాళ్లు తమ ముఖాన్ని తామే చూసుకుంటూ పోవాలని. స్త్రీల మీద చూపు పెత్తనం గురించి రాసిన లారా మల్వీ తరవాతి కాలంలో ఈ సినిమా గురించి శ్రద్ధగా వ్యాఖ్యానించారు. 1992లో కారల్ క్లోవర్ హారర్ చిత్రాల మీద రాసిన పుస్తకంలో దీనికి పెద్ద చోటు ఇచ్చారు. స్త్రీవాద విమర్శ ఈ సినిమాను వదులుకోలేదు, ప్రశ్నించకుండా విడిచిపెట్టనూ లేదు. అదే సరైన పద్ధతి.

మరుగునపడ్డ సినిమాను వెలికితీసింది బయటి దేశాలవాళ్లు. ఫ్రాన్స్‌లో బెర్ట్రాండ్ తావెర్నియే వంటివారు పావెల్ పేరును నిలబెట్టారు. 1979లో న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో మార్టిన్ స్కోర్సేసీ చొరవతో ‘పీపింగ్ టామ్’ మళ్లీ తెర మీదికి వచ్చింది. సినిమా తీయడం గురించి తెలుసుకోవాల్సిందంతా ఫెల్లీనీ ‘ఎయిట్ అండ్ ఏ హాఫ్’లోనూ దీనిలోనూ ఉందని స్కోర్సేసీ చెబుతూ వచ్చారు. ఆయన సినిమాల ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్‌ను పావెల్ 1984లో పెళ్లాడారు, 1990లో కన్నుమూశారు. 1994లో, అప్పటికి వయసు తొంభై దాటిన డిలిస్ పావెల్ ‘సండే టైమ్స్’లోనే తన పాత తీర్పును వెనక్కి తీసుకుని, పరలోకమంటూ ఉంటే అక్కడ ఆ దర్శకుడికి క్షమాపణ చెప్పుకుంటానన్న అర్థంలో రాశారు. వృత్తిలో అంత నిజాయితీ చూపినవాళ్లు అరుదు. ఆమెకు నమస్కారం.

ఇంత గౌరవం దక్కాక దీనికి ఇంకా అన్యాయం జరుగుతోందని ఎలా అంటావని అడగొచ్చు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితాలో దీనికి 78వ స్థానం ఇచ్చింది కదా అనొచ్చు. జాబితాల్లో చోటు దొరికింది గాని, ఆ మెప్పు పక్కదారి పట్టింది. హంతకుడి కళ్లతో చూపించే షాట్‌కు ఆద్యుడని, తరవాతి కత్తి సినిమాలకు తాత అని దీన్ని పొగుడుతారు. ఆ సినిమాలు పావెల్ చేసిన పనికి తలకిందులు. అవి హంతకుడి చూపును ప్రేక్షకుడికి వినోదంగా అప్పగించాయి. పావెల్ దాన్ని అభియోగంగా అప్పగించారు. మన దగ్గరి ఉదాహరణే చూడండి. భారతీరాజా తమిళంలో 1978లో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’ మరుసటేడు ‘ఎర్ర గులాబీలు’గా తెలుగులోకి వచ్చింది. కమల్ హాసన్, శ్రీదేవి నటించిన ఆ సినిమాలోనూ స్త్రీలను చంపే యువకుడున్నాడు, ఆ హత్యల దృశ్యాలను చూసి ఆనందించే పెంపుడు తండ్రి ఉన్నాడు. పావెల్ నుంచి తీసుకున్నారని నేననడం లేదు. బిగువైన సినిమా, మన ప్రేక్షకులను నిజంగా వణికించింది. కానీ అందులో ఆ చూసేవాడు మూసిన గదిలో ఉన్న ఒక రాక్షసుడు. థియేటర్‌లో టికెట్ కొని కూర్చున్నవాడికి అతనితో చుట్టరికం లేదు. ‘పీపింగ్ టామ్’ మాత్రం ఆ చుట్టరికం గురించే.

కరడుగట్టిన హంతకుడిలా మార్క్‌ను చూపించి ఉంటే 1960లో ఎవరికీ పేచీ ఉండేది కాదు. ఆ పాత్రకు పావెల్ ఎంచుకున్నది కార్ల్‌హైన్జ్ బోమ్‌ను, ‘సిస్సీ’ చిత్రాల్లో రోమీ ష్నైడర్ సరసన ఆస్ట్రియా చక్రవర్తిగా జర్మన్ ప్రేక్షకుల మనసు దోచిన అందగాణ్ని. మెత్తని గొంతు, బెదురు చూపు. హెలెన్‌కు ముద్దు పెట్టే బదులు ఆమె వెళ్లాక కెమెరా లెన్సుకు పెదవులు ఆనించే మనిషి. అతన్ని చూస్తే భయం కంటే ముందు జాలి వేస్తుంది. ఆ జాలిని కూడా క్షమించలేకపోయారు. హెలెన్‌గా వేసిన ఆనా మాసీ పన్నెండేళ్ల తరవాత హిచ్‌కాక్ ‘ఫ్రెంజీ’లో హంతకుడి చేతిలో చనిపోయే అమ్మాయిగా నటించారు. రెండు సినిమాలూ వరసగా చూస్తే ఒకే నటి ముఖాన్ని ఇద్దరు పెద్ద దర్శకులు ఎలా చూశారో తెలుస్తుంది.

2023లో ఈ సినిమా నెగటివ్‌ను శుద్ధిచేసి కొత్త ప్రతి తయారుచేశారు. ఆటో హెల్లర్ ఛాయాగ్రహణంలోని ఎరుపులు, నీలాలు అందులో అసలు రంగులతో కనిపిస్తాయి. ఎక్కడ దొరికినా ఆ ప్రతినే చూడండి. ఎవరు చంపారన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి, దానికి జవాబు మూడో నిమిషంలోనే దొరుకుతుంది. పేపర్ల దుకాణం దగ్గర, ఖాళీ స్టూడియో ఫ్లోర్ దగ్గర మాత్రం తొందరపడకుండా చూడండి. అరవై ఏళ్ల కిందటి ఆ సమీక్షకులకు కోపం ఎక్కడ వచ్చి ఉంటుందో మీకే తెలుస్తుంది.